ఉస్తాద్ ఎడమచేయి

ఎక్స్‌రే యంత్రాలు కొత్తగా వచ్చిన రోజుల్లో నాందేడు దవాఖానాలో నాకు ఆ పని నేర్పిన ఉస్తాద్‌కు ఒక అలవాటుండేది. గడ్డలకు, మానని పుండ్లకు కిరణాలు పట్టించుకోవడానికి ఎవరు వచ్చినా, యంత్రం జోరెంతుందో చూడడానికి ముందుగా తన ఎడమచేతినే కిరణాలకు అడ్డం పెట్టేవాడు. చీకటి గదిలో తెర మీద ఆకుపచ్చని వెలుగు, అందులో చేపల్లా మెల్లగా ఈదే వేళ్ల ఎముకలు. కాలేజీలో నాకింత అందమైన పాఠం ఎవరూ చెప్పలేదు.

మైమరచి నేనూ చెయ్యి చాపాను. చటుక్కున కొట్టాడు.

"జేబుల పెట్టుకో బేటా. గీ పనికి ఒక్కని చెయ్యి చాలు."

ఆయన ఎడమచేతి చూపుడువేలి మీద పుండు ఏడాదిగా మానలేదు. దానికి పసుపు పూసి, మానుతున్నదని అందరికీ చెప్పేవాడు. మేమూ మర్యాదగా నమ్మేవాళ్లం.

ఒకనాడు ఆ చేతిని ప్లేటు మీద పెట్టి, "ఇయ్యాల నువ్వే తియ్యి" అన్నాడు. నేను ఒంటరిగా తీసిన మొదటి ఎక్స్‌రే అది. మందునీళ్లలో కడిగిన తడి ప్లేటును కిటికీ వెలుగుకు ఎత్తి చూశాం. చూపుడువేలి ఎముకను క్యాన్సర్ సగం తినేసింది. గుర్తుపట్టడం నేర్పింది ఆయనే.

"గిదేంది ఉస్తాద్?" అన్నాను, తెలిసి కూడా.

ఆయన తాపీగా చూశాడు.

"అంచులు సాఫ్ అచ్చినయ్. పాసైనవ్ పో. డాక్టర్‌సాబ్‌కు నువ్వే చూపియ్యి. యాడిదాక కొయ్యాల్నో మంచిగ కనవడ్తుంది."