ఏ వైరూ తగలని కనెక్టర్

"పెట్టమంటారా పెదనాయనా?" అని రిపేరు చేసే అమ్మాయి అడిగింది. అన్న "సరి" అన్నాడు. అంటూనే ఎడమచెయ్యి చాపి, మూత విప్పి బల్ల మీద పెట్టిన కంప్యూటర్ మీద అరచెయ్యి బోర్లించాడు. ఆమె పట్టుకున్న రెండు సన్నటి వైర్లు ఆ చేతికి జానెడు దూరంలో ఆగిపోయాయి.

"చెయ్యి తీయండి పెదనాయనా, సోల్డర్ మొనలు గుచ్చుకుంటాయి."

"సరి" అన్నాడు అన్న. చెయ్యి తీయలేదు.

బయట ఉప్పళం వీధిలో పొద్దుటి నుంచి వాన. వదిన వంటింటి గడప మీద గరిటె పట్టుకుని నిలబడిపోయింది. పక్షవాతం వచ్చాక అన్నకు మిగిలింది ఆ ఒక్క మాటే. కాఫీ కావాలన్నా సరి, వద్దన్నా సరి, నొప్పి పుట్టినా సరి. అవునో కాదో ముఖం చూసి, చెయ్యి చూసి మేమే తెలుసుకోవాలి. ఆ రోజు నోరు ఒకటి చెప్పింది, చెయ్యి ఇంకొకటి చెప్పింది.

ఆ కంప్యూటర్ టిఫిన్ డబ్బా కంటే పెద్దదేమీ కాదు. కరెంటు ఆఫీసులో రిటైరైన తర్వాత అన్న కొనుక్కున్నాడు. దానికొక మైకు తగిలించి, మధ్యాహ్నం పూట ఫ్యాను ఆపేసి, కిటికీ రెక్కలు మూసి, చెమటలు కక్కుతూ మాట్లాడేవాడు. మా ఇళ్లలోని తెలుగులో మాట్లాడేవాడు. తరాల కిందట తెలుగునేల నుంచి ఈ తమిళ ఊరికి వచ్చి చుట్టుపక్కల పొలాలు చేసుకున్న కుటుంబాలు మావి. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం, ఆఫీసులో ఇంగ్లీషు. అన్నకు తెలుగు అక్షరం రాదు. నాకు వచ్చింది కూడా ఉద్యోగం వల్లనే. నెల్లూరులో ఒక దినపత్రికలో చేరి, అక్కడే నేర్చుకున్నాను. అక్కడే నా తల నెరిసింది.

"నేను చెప్తా పోతాను, నువ్వు రాసుకో. నోరు నాది, అచ్చరం నీది" అనేవాడు అన్న. పొలం మాటలు, పెళ్లి మాటలు, మా ఇళ్లలో తిట్టే తిట్లు అన్నీ ఒక పుస్తకం కావాలని ఆయన కోరిక.

"చెప్పినంత వరకు ఇవ్వన్నా, రాస్తా ఉంటాను" అంటే ఒప్పుకోలేదు. "వండకముందే వడ్డించమంటావా? మీ పేపరోళ్లకి ఆత్రం జాస్తి" అన్నాడు.

ఒక్కసారి మాత్రం ఒక ముక్క వినిపించాడు. బావి నీళ్ల వంతు కోసం మా నాయనమ్మ పక్క పొలం వాళ్లతో పోట్లాడిన సంగతి. రెండు గొంతులూ తనే పలికాడు. "నీ వంతు నీళ్లు నీ చేనికి దోవ మరిచిపోను!" అని నాయనమ్మ శపించిందట. ఆ మాట అనగానే తనే ముందు నవ్వాడు. ఆ నవ్వు కూడా రికార్డులో ఉంది. అలా తిట్టేవాళ్లు ఇప్పుడు మాలో లేరు. పిల్లలు ఇంట్లో కూడా తమిళంలోనే కొట్లాడుకుంటారు.

మొన్నటి ఎండాకాలంలో అన్న పడిపోయాడు. కుడిపక్క చచ్చుబడింది, మాట పోయింది. నడక కొంత తిరిగి వచ్చింది గానీ మాట రాలేదు. సాయంత్రం కాగానే వదిన ఆయన్ని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టేది. ఆయన ఎడమచేత్తో మౌస్ కదిపి, తన గొంతు తనే పెట్టుకుని వినేవాడు. వింటూ పెదవులు కదిపేవాడు. వాటిని కాపీ తీసుకుందామని నేను పెన్‌డ్రైవ్ పట్టుకెళితే "సరి, సరి" అంటూనే మౌస్‌ను తన ఒళ్లోకి లాక్కున్నాడు. చెప్పడం పూర్తి కాలేదన్న పట్టుదల ఇంకా ఉందనుకున్నాం. మాట తిరిగొస్తే మిగతాది చెప్తాడులే అని వదిన నన్ను ఊరుకోబెట్టింది.

ఆ తర్వాత ఆయుధపూజ వచ్చింది. ఆ రోజు ఈ ఊళ్లో ఆటోకు, కుట్టుమిషనుకు, గ్రైండరుకు, కత్తిపీటకు అన్నిటికీ బొట్టు పెడతారు. కంప్యూటర్‌ను కూడా వదలరు. అన్న బాగున్న రోజుల్లో దాని ముందువైపు వేలికొనతో గంధం చుక్క ఒకటి అద్ది, కుంకుమ పెట్టేవాడు. ఈసారి ఆ పని వదిన చేసింది. మొగుడి మాట అందులోనే ఉంది కాబట్టి దానికే మొక్కుకుంది. పలచగా కలిపిన గంధం మూడు వేళ్లతో పైన పట్టెలుగా పూసి, నీళ్లు కారుతున్న కదంబం దండ చుట్టింది. ఆ కంప్యూటర్ పైమూతంతా వేడి పోవడానికి పెట్టిన చిల్లులే. పూజలో పెట్టిన పనిముట్టును మర్నాటిదాకా ముట్టకూడదని మాకొక నియమం. అందుకని గోడకున్న ప్లగ్గు కూడా ఎవరూ పీకలేదు. మర్నాడు హారతిచ్చి, దండ తీసి, బటన్ నొక్కితే దాని దీపం వెలగలేదు.

"సామి ముందర పెట్టిన వస్తువు అబ్బయ్యా. సామే చెడగొట్టుకుంటాడా?" అని వదిన ఫోన్లో అడిగింది. నేను వస్తున్నానని చెప్పి బస్సెక్కాను.

పోయిన డేటా తీసిచ్చే చోటొకటి చెన్నైలో ఉంటే అక్కడికి పట్టుకెళ్లాను. కొన్నాళ్లు ఉంచుకుని తిప్పి పంపారు. రికార్డులున్న చిప్ విడిగా ఊడొచ్చేది కాదట, బోర్డుకే అతికించి ఉందట. పీకి ఇంకో దాంట్లో పెడితే చదవడానికి వీల్లేకుండా దాని తాళం ఈ బోర్డులోనే ఉందట. బోర్డు లేస్తేనే గొంతు లేస్తుంది.

ఒర్లియంపేటలో కంప్యూటర్లు బాగుచేసే ఈ అమ్మాయి మాకు దూరపు చుట్టం. డిప్లొమా చదివింది. చేతి కంటే నోరు వేగం. వదినా నేనూ ఆమె కొట్టుకి వెళ్లాం. ఆమె డబ్బా విప్పి, కరెంటు లోపలికి వచ్చే మూల చూపించింది. అక్కడంతా పచ్చటి తుప్పు. గంధం ఎండి పెచ్చులు కట్టింది.

"ఇంత పూసినారే పెద్దమ్మా, దీనికేమన్నా పెళ్లా?" అని నవ్వబోయి, వదిన ముఖం చూసి మానేసింది. తర్వాత టార్చి వెలుతురు బోర్డు రెండో చివరకి తిప్పింది. అక్కడ బియ్యపు గింజంత తెల్లటి కనెక్టర్. వరసగా సన్నటి పిన్నులు. ఏ వైరూ తగలలేదు, పక్కన పేరు లేదు, నంబరు లేదు.

"ఇది ఏందిమ్మా?" అన్నాను.

"అదే తెలీలేదు చిన్నాయనా. ఈ మోడల్లో దీనికి తగిలించే సామానే లేదు."

"సుమ్మా పెట్టుంటారా?" అంది వదిన. సుమ్మా అంటే మా ఇళ్లలో ఊరికే అని.

"కంపెనీవాడు సుమ్మా ఒక మర కూడా బిగించడు పెద్దమ్మా. నెట్టులో దీన్ని గురించి కొట్టుకుంటా ఉండారు. పెద్ద మోడల్లో ఇంకో డిస్కు పెట్టేదానికని ఒకడంటాడు. ఫ్యాక్టరీలో పరీక్ష చేసే దోవ, అయిపోయినాక అట్నే వదిలేసినారని ఇంకొకడంటాడు. గూఢచారులు పెట్టించినారనే వాడు కూడా ఉండాడు, వాణ్ణి వదిలేయండి."

"నువ్వేమంటావు?"

"పరీక్ష దోవే అనుకుంటా. అదే అయితే చెడిపోయిన మూల జోలికి పోకుండా ఈ పక్క నుంచి కరెంటిచ్చి లోపల చిప్పును లేపొచ్చు."

"కాకపోతే?"

"కాలిపోతాది. పొగ కూడా రాదు. ఆ పైన దేవుడు దిగొచ్చినా ఏం చెయ్యలేడు."

"ఎంత నమ్మకం నీకు?"

"నమ్మకం యాడిది చిన్నాయనా? అంతా ఊహే. దీంట్లో వైరు పెట్టి చూసినోడు ఒక్కడూ లేడు."

ఇన్నేళ్లు పేపరు డెస్కులో కూర్చుని ఊహను వార్తలోంచి కొట్టేయడమే నా పని. ఈ ఊహను కొట్టేస్తే చేతిలో ఇంకేమీ మిగలదు. నేను వదిన వైపు చూశాను. వదిన బోర్డు వైపే చూస్తూ, "ఆయన గొంతు. ఆయన్నే అడగండి" అంది. అన్న కొట్టు మెట్లు ఎక్కలేడు కాబట్టి ఆ అమ్మాయే వానలో సామాను సంచిలో పెట్టుకుని ఇంటికొచ్చింది. ఏం చేయబోతోందో, ఏం పోవచ్చో తెలుగులో ఒకసారి, తమిళంలో ఒకసారి విడమరచి చెప్పింది. అన్న శ్రద్ధగా విన్నాడు. అప్పుడే "పెట్టమంటారా" అని అడిగింది.

చెయ్యి ఎంతకీ తీయకపోయేసరికి ఆమె వైర్లు చుట్టేసింది. వదినకు ఏడుపు రాబోయి కోపం వచ్చింది.

"అడిగితే సరి అంటావు, పెట్టబోతే అడ్డం పడతావు! ఏందయ్యా నీ లెక్క? నీ గొంతు నీకొద్దా?"

"సరి" అన్నాడు అన్న. ఈసారి చాలా చిన్నగా.

ఆయన చెయ్యి తీసినప్పుడు అరచేతిలో సోల్డర్ చుక్కల గుర్తులు ఎర్రగా పడి ఉన్నాయి. వదిన కొబ్బరినూనె రాసింది. "ఉన్న ఆశను కూడా కాల్చుకోవడం ఇష్టంలేదు ఆయనకి" అంది వదిన. "నేను తొందరపెట్టాను, ఆయన ఇంకొంచెం ఆగమన్నారంతే" అంది ఆ అమ్మాయి. ఊళ్లో వాళ్ల మాటలకు ఇన్నేళ్లు "అని చెప్పారు" తగిలించి అచ్చువేసిన నేను, తోడబుట్టినవాడు ఏం చెప్పాడో ఒక్క వాక్యం రాయలేను. సాయంత్రాలు ఆయన ఇప్పటికీ ఆ కుర్చీలోనే కూర్చుంటున్నాడు. పెదవులు మాత్రం కదపడం మానేశాడు.

కార్తీకం వానలు తెరిపిచ్చాక ఆ అమ్మాయి ఫోన్ చేసింది. కురుచికుప్పం దారిలో ఎవరో ఆఫీసు ఎత్తేస్తూ పాత సామాను అమ్మితే, సరిగ్గా అదే మోడల్ కంప్యూటర్ దొరికిందట. ముందు దాని మీద పెట్టి చూస్తే మన దానికి ప్రమాదం ఉండదు కదా అని సంతోషపడి, ఆ రోజే విప్పిందట. ఆ బోర్డు మీద ఆ చోట కనెక్టర్ లేదు. వరసగా తగరం చుక్కలు మాత్రం ఉన్నాయి. వాటిని మీటరు పెట్టి చూస్తే రెండు చివరి చుక్కలు ఎర్త్‌కు పోయాయి. మిగిలిన వాటికి మీటరు ముల్లు కదల్లేదు, అంటే ఆ బోర్డులో అవి ఎక్కడికీ పోవడం లేదు; దాని మీద పెట్టి చూసినా మా దాని సంగతి తేలదు. ఒకే మోడల్లో మా దానికి మాత్రమే ఆ కనెక్టర్ ఎందుకు బిగించారో, మా దాంట్లో ఆ పిన్నులు ఎక్కడికి పోతాయో ఆమెకు తెలియలేదు. కంపెనీకి రాస్తే, ఆ బోర్డు నక్షా బయటివాళ్లకు ఇవ్వరని జవాబొచ్చింది. ఊహ ఊహగానే ఉంది, మా దాంట్లో వైరు ఇంకా ఎవరూ పెట్టలేదు.