సీతమ్మధార గుమ్మాల్లో చిట్టెమ్మ చెప్పిన కథ

చిట్టెమ్మకి ఒళ్ళు మండిపోయింది. యారాడలో తన ఇంటి ముందు గదిలో సగం వాడ కూర్చుని ఉంది, పిలిచింది తనే. ‘నీలిపిడుగు’ అనే సూపర్‌హీరో సీరియల్ కొత్త ఎపిసోడ్‌లో తన మొగుడు గవర్రాజు కథ వస్తుందని ఊరంతా చాటింపు వేసినంత పని చేసింది. తీరా చూస్తే, అలల్లో మునిగిపోతున్న కాలేజీ పిల్లల్ని ఆకాశంలోంచి ఊడిపడ్డ నీలిపిడుగు కాపాడాడు. గవర్రాజులాగే ఎర్ర తలగుడ్డ చుట్టుకున్న జాలరి మాత్రం పీకలదాకా తాగి, పిల్లల కేకలు వినబడుతున్నా ఒడ్డుకి పారిపోయాడు.

అసలు ఆ పిల్లల్ని ఒడ్డుకి చేర్చింది గవర్రాజే. చివరివాడి కోసం మళ్ళీ వెళ్ళి తను తిరిగి రాలేదు. బతికున్నన్నాళ్ళూ మందు వాసనే గిట్టని మనిషి. వాడ జనం చిట్టెమ్మ మొహం చూడలేక ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోయారు.

ఆ సీరియల్ రాసేది సాయిశంకర్. సీతమ్మధారలో చిట్టెమ్మ చేపలు వేసే వాడుక ఇళ్ళలో అతనిదీ ఒకటి. గుమ్మం ముందు కత్తిపీట వేసుకుని పొలుసు తీస్తూ ఆమె మొగుడి సంగతి చెబుతుంటే, గడప మీద కూర్చుని కళ్ళు తుడుచుకుంటూ విన్నాడు. “మీ ఆయన్ని లోకానికి చూపిస్తాను చిట్టెమ్మా” అన్నాడు. ఆ మాట నమ్మడమే ఆమె చేసిన బుద్ధితక్కువ పని.

“ఈడి పని సెప్తాను” అనుకుంది మర్నాడు తట్ట ఎత్తుకుంటూ.

సాయిశంకర్ గుమ్మం ఒక్కటీ వదిలేసి ఆ వీధిలో ప్రతి గుమ్మంలోనూ తట్ట దించింది. చేపలు బాగు చేస్తున్నంతసేపూ ఆడవాళ్ళు కబుర్లకి నిలబడటం అక్కడ మామూలే. ఎదురింటి ఇంద్రజ వచ్చి నిలబడగానే మొదలుపెట్టింది.

“ఏటి సెప్పమంటారమ్మా. మీ వీధిలోనే కథలు రాసే బాబు ఒకడున్నాడు. ఇంట్లో గ్యాస్ అంటుకుంటే ముసలి తల్లిని పక్కకి తోసేసి, లుంగీ ఊడిపోతన్నా ఆగకుండా పరిగెట్టాడంట.”

చేప తల నరికినప్పుడల్లా కథలో ఒక ముక్క పెంచింది. వీధి చివరికి వచ్చేసరికి ఆ తల్లికి చెయ్యి కూడా విరిగింది. చిట్టెమ్మ ప్రాణం ఎంత హాయిగా ఉందో చెప్పలేం.

ఆఖరి ఇంటి దగ్గరికి సాయిశంకర్ రొప్పుతూ వచ్చాడు.

“ఏంటిది చిట్టెమ్మా? మా ఇంట్లో గ్యాస్ ఎప్పుడు అంటుకుంది? వీధంతా నన్ను చూసి నవ్వుతున్నారు.”

“కథ బాబూ. ఊరికే సెప్తన్నాను.”

అతనికి అప్పుడు అర్థమైంది. గొంతు తగ్గించాడు. “నా కథలో జాలరికి నేను మీ ఆయన పేరు పెట్టలేదు కదా.”

“నానూ నీ పేరు సెప్పలేదు బాబూ.”

“ఇంటింటికీ వెళ్ళి అది అబద్ధమని చెప్పుకుంటాను” అన్నాడు రోషంగా.

చిట్టెమ్మ కత్తిపీట కడిగి తట్టలో పెట్టుకుంది. “సెప్పుకో బాబూ. సెప్పుకోడానికి నువ్వు బతికే ఉన్నావు. నా మొగుడు ఎలా సెప్పుకుంటాడు?”

ఆమె తట్ట నెత్తికెత్తుకుని పక్క వీధిలోకి తిరిగింది. ఆ వీధిలో ఈ కథ ఇంకా ఎవరూ వినలేదు.