ఎర్ర నూనె అడిగిన రోజు

ఆ కార్ల షెడ్డులో ఆమె అసలు పేరు ఎవరి నోటా వినపడదు. అందరికీ ఆమె ఏదక్క. స్టోర్ రూము కిటికీ దగ్గరికొచ్చి ఎవరైనా “అక్కా, కూలెంట్ ఇవ్వు” అంటే “ఏది?” అంటుంది. “బ్రేక్ ఆయిల్” అంటే “ఏది?” అంటుంది. ఒక మధ్యాహ్నం అందరూ అన్నాలు తింటుండగా ఎవరో “అక్కా, కాసిని మంచినీళ్ళు” అని చెయ్యి చాపితే, అలవాటుకొద్దీ “ఏవి?” అనేసింది. పొలమారేంత నవ్వారు. షెడ్డులో అందరికన్నా పాతకాపు అయిన మెకానిక్, ఏ పనైనా నిన్ననే అయిపోయి ఉండాలన్నట్టు పరుగులు పెడతాడు కాబట్టి తొందర మామ అని పిలిపించుకునే ఆయన, ఆ రోజే ఆమెకు నామకరణం చేసేశాడు.

షెడ్డు ఆమె తమ్ముడిది. పంతొమ్మిదేళ్ళ కిందట వాడు మొదలుపెట్టినప్పుడు “రెండు నెలలు కూర్చో అక్కా, మనిషి దొరికేదాకా” అన్నాడు. అప్పటికామె కాలేజీలో కెమిస్ట్రీ చదువుతోంది. రెండు నెలలకని సెలవు పెట్టింది. ఆ సెలవు ఇంకా పూర్తికాలేదు. ఇప్పుడు తమ్ముడి ఇంటి పైగదిలో ఉంటుంది. పొద్దున్నే వాడి వెనకే షెడ్డుకొచ్చి, సాయంత్రం వాడికన్నా ముందు వెళ్ళి, పిల్లల చేత హోంవర్కు చేయిస్తుంది. “మా వదిన లేకపోతే ఈ ఇంట్లో ఒక్క పని జరగదు” అని మరదలు అందరితోనూ చెబుతుంది. ఆ మాట మెచ్చుకోలో, తనను అక్కడే ఉంచేసే ఏర్పాటో ఏదక్కకి ఇన్నేళ్ళలో తేలలేదు.

స్టోర్ రూము మాత్రం పూర్తిగా ఆమెది. మూడు ఇనప అరలు, ఒక స్టూలు, డబ్బాల అడుగులు ఆనీ ఆనీ గుండ్రంగా మరకలు పడిన చెక్కబల్ల. గోడకు మేకులు కొట్టి గరాటులు వేలాడదీసింది. బ్రేక్ ఆయిల్ గరాటుకు తెల్లగుడ్డ కట్టి ఉంటుంది. దాన్ని ఇంకో పనికి వాడినవాడికి ఆ వారమంతా ఆమె ముఖంలో నవ్వు దొరకదు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చేసుకుంటుందనీ, మూత తీసి వదిలేసిన డబ్బా మర్నాటికి పనికిరాదనీ చెవిలో ఇల్లు కట్టుకుని చెబుతుంది. పై అరలో కార్లతో పాటు కంపెనీలు ఇచ్చే పుస్తకాలు వరసగా ఉంటాయి. కారు అమ్మేసినవాళ్ళు వదిలేసినవి కొన్ని, ఆమె అడిగి జిరాక్స్ తీయించుకున్నవి కొన్ని. అట్టలు ఊడిన వాటికి కాకీ కాగితం అట్టలు వేసింది. ఇంజన్‌కి ఎంత పల్చటి నూనె కావాలో, రేడియేటర్‌లో ఏ రకం కూలెంట్ పోయాలో అన్నీ వాటిలో ఉంటాయి. కార్లు కొన్నవాళ్ళలో నూటికి తొంభైమంది ఆ పుస్తకం మీది ప్లాస్టిక్ కవరైనా చింపరని ఆమెకు తెలుసు.

షెడ్డులో భాష వేరు. అక్కడ అన్నీ రంగులే. “పచ్చది రెండు లీటర్లు.” “ఎర్రది ఒక డబ్బా.” ఒకప్పుడు ఆ రంగులు నిజమే. పచ్చది కూలెంట్, ఎర్రది ఆటోమేటిక్ గేర్‌బాక్సుకీ స్టీరింగుకీ పోసే నూనె. తర్వాత కంపెనీలు తమ ఇష్టమొచ్చిన రంగులు కలపడం మొదలుపెట్టాయి. గులాబీ, నీలం, నారింజ. రంగు చూసి నమ్మడానికి లేదని ఆమె ఎంత మొత్తుకున్నా పాత చేతులకు పాత మాటే నప్పింది.

“నెత్తురు అందరికీ ఎర్రగానే ఉంటుంది మామా. ఎర్రగా ఉంది కదా అని ఎవరిది పడితే వాళ్ళది ఎక్కిస్తారా?” అనేది.

“నువ్వు డాక్టరు కావాల్సినదానివి తల్లీ, మా ఖర్మ కాలి మెకానిక్‌ల మధ్య పడ్డావు. ముందు డబ్బా ఇయ్యి, పార్టీ కాళ్ళు కాలిన పిల్లిలా తిరుగుతున్నాడు!” అనేవాడు తొందర మామ.

విసుక్కుంటూనే చెప్పేవాళ్ళు. ఏ కారో, ఏ సంవత్సరమో, ఏ ఇంజనో. ఆమె పుస్తకం తీసి, పేజీ తిప్పి, డబ్బా ఇచ్చేది. ఆలస్యమయ్యేది నిజమే. ఆ ఆలస్యం వల్ల ఎన్ని ఇంజన్లు బతికాయో ఎవరూ లెక్కపెట్టలేదు. ఒకసారి ఒకాయన కంగారుగా ఫోన్ చేశాడు. డీజిల్ కారుకు బంకువాడు పెట్రోల్ కొట్టేశాడట. “తాళం తిప్పకండి! తిప్పారా? లేదు కదా? అసలు ఆ సీట్లోంచే దిగిపోండి. తోసి పక్కన పెట్టించండి. మా వాళ్ళొచ్చి ట్యాంకు ఖాళీ చేస్తారు” అని ఈమె అరిచిన అరుపుకి షెడ్డంతా పనులాపి చూసింది. ఇంజన్ దక్కింది. వారం తర్వాత ఆయన మిఠాయి పెట్టె తెచ్చి, తమ్ముడి చేతిలో పెట్టి, దండం పెట్టి వెళ్ళాడు. తమ్ముడు పెట్టె తెరిచి మొదటి ముక్క అక్కకే ఇచ్చాడు. వాడు చెడ్డవాడేమీ కాదు.

మామూలుగా వచ్చేవాళ్ళలో ఒకరిద్దరికి మాత్రం ఆమె విలువ తెలుసు. అందులో ఒకరు ఫిజియోథెరపీ డాక్టరమ్మ. మంచం దిగలేని రోగుల ఇళ్ళకు వెళ్ళి కాళ్ళూ చేతులూ ఆడించి వచ్చే పని ఆమెది. రోజుకు ఏడెనిమిది ఇళ్ళు. పాత కారు మూలపడితే, ఈ మధ్యే సెకండ్ హ్యాండులో ఆటోమేటిక్ కారు కొనుక్కుంది. మొదట తిన్నగా కిటికీ దగ్గరికే వచ్చింది.

“మంచి పెట్రోల్ అని ఒకటి ఎక్కువ రేటుకు అమ్ముతున్నారు కదండీ, అది పోయిస్తే కారుకు మంచిదా?”

ఏదక్క బయటికెళ్ళి, పెట్రోల్ మూత తెరిచి, లోపలి స్టిక్కర్ చదివి వచ్చింది. “మామూలుదే పోయించండి. మీ ఇంజన్ దాన్నే అడుగుతోంది. ఎక్కువ రేటుది పోస్తే బంకువాడికి మంచిది.”

డాక్టరమ్మ నవ్వింది. “ఇంకెవరినడిగినా పోయించమనే అన్నారు. ఇకమీద ఏం పోయాలన్నా మిమ్మల్నే అడుగుతాను” అంది. ఏదక్క ఆ మాటను చాలా రోజులు లోపల దాచుకుంది.

ఒక రోజు షెడ్డుకు ట్యాక్సీ కంపెనీ మేనేజరు వచ్చాడు. నలభై కార్లున్న కంపెనీ. సర్వీసింగ్ అంతా ఒకచోటే చేయించాలని చూస్తున్నాడు. తమ్ముడు తెల్లవారకముందే లేచి నేల కడిగించాడు, ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. మేనేజరును వెంటబెట్టుకుని లిఫ్టులూ పరికరాలూ చూపిస్తుండగా తొందర మామ కిటికీలోకి చెయ్యి పెట్టాడు.

“కూలెంట్.”

“ఏది?”

“అబ్బా! ఆ బూడిదరంగు కారుకి.”

“బూడిదరంగు పెయింటుది మామా. నేనడిగేది ఇంజన్ సంగతి. ఇప్పుడందులో ఏ రకం ఉంది? దానిలో ఇంకోటి కలిస్తే లోపల గడ్డకడుతుంది.”

మేనేజరు ఆగి, వాచీ చూసుకుని, “స్టోర్లో వకీలును పెట్టుకున్నట్టున్నారే! క్రాస్ ఎగ్జామినేషన్ అయ్యాక గానీ సరుకు రాదా?” అన్నాడు. అందరూ నవ్వారు. అందరికన్నా గట్టిగా తమ్ముడు నవ్వాడు.

మేనేజరు టీ తాగుతుండగా వాడు కిటికీ దగ్గరికొచ్చాడు. ముఖంలో నవ్వు లేదు. గొంతు తగ్గించాడు.

“అక్కా, దండం పెడతాను. ఈ ఒక్కరోజు నోరు మెదపకు. వాళ్ళేది అడిగితే అది ఇచ్చెయ్. నా పరువు తియ్యకు.”

“నేనడిగేది ఎందుకో నీకు తెలీదా?”

“తెలుసులే. ప్రపంచంలో నీకొక్కదానికే తెలుసు. ఇక్కడ మెకానిక్ నేనా, నువ్వా?”

వాడు వెళ్ళిపోయాడు. ఆమె స్టూలు మీద కూర్చుంది. తల కొట్టేసినట్టయింది. అరగంట పాటు అడిగినవి అడిగినట్టే తీసి బల్ల మీద పెట్టింది. ఎవరూ తేడా గమనించలేదు. పని చకచకా సాగింది.

పదకొండింటికి డాక్టరమ్మ కారు లిఫ్టెక్కింది. గేర్‌బాక్స్ నూనె మార్చాలి. మేనేజరుకు తన చేతి పని చూపించాలని తమ్ముడే స్వయంగా కిందకు దూరాడు. డ్రెయిన్ బోల్టు విప్పి, పాత నూనె కారుతుండగా కిటికీ వైపు కేకేశాడు.

“అక్కా, ఎర్రది నాలుగు!”

ఆమె అర దగ్గరికెళ్ళింది. ఎర్ర నూనె డబ్బా మీద చెయ్యి వేసి ఆగింది. ఆ కారు ఒకే పేరుతో రెండు రకాలుగా వచ్చింది. ఒక రకంలో మామూలు ఆటోమేటిక్ గేర్‌బాక్స్. రెండోదాంట్లో పళ్ళచక్రాలకు బదులు రెండు కప్పీల మధ్య ఉక్కు బెల్టు తిరుగుతుంది. దానికి వేరే నూనె. అది పై అరలో వేరే డబ్బాలో ఉంది. దాంట్లో ఎర్రది పోస్తే బెల్టు పట్టు తప్పి జారుతుంది, జారీ జారీ అరిగిపోతుంది. డాక్టరమ్మది ఏ రకమో ఆమెకు తెలియదు. తెలుసుకోవాలంటే పన్నెండడుగులు నడిచి, బానెట్ కిందున్న రేకు మీది నంబరు చూస్తే చాలు. రెండు నిమిషాల పని.

“అక్కా, నిద్రపోయావా?” తమ్ముడు మళ్ళీ అరిచాడు. ఎవరో కిసుక్కున నవ్వారు.

ఆమె నాలుగు ఎర్ర డబ్బాలు తీసి బల్ల మీద పెట్టింది. పెడుతున్నప్పుడు గుండెల్లో చిన్న మంట, ఆ మంటలోనే ఒక సుఖం లాంటిది. పోసుకో. నువ్వే కదా మెకానిక్‌వి, పోసుకో.

మేనేజరు నలభై కార్లూ ఇస్తానని చెయ్యి కలిపి వెళ్ళాడు.

తొమ్మిదో రోజున డాక్టరమ్మ కారు వేరే బండి వెనక తాడు కట్టించుకుని వచ్చింది. ముందు వణికిందట. తర్వాత ఎక్సలేటర్ తొక్కితే ఇంజన్ అరుస్తుంది గానీ బండి కదలదట. వంతెన మధ్యలో ఆగిపోయిందట. తమ్ముడు గేర్‌బాక్స్ విప్పాడు. అడుగున ఉక్కు రజను మెరుస్తూ తేలింది. వాడు దాన్ని వేలితో తీసి చూశాడు. తర్వాత లేచి, చేతులు తుడుచుకుంటూ, డాక్టరమ్మతో అన్నాడు.

“స్టోర్లోంచి వేరే నూనె వచ్చిందండీ.”

డాక్టరమ్మ కిటికీ దగ్గరికొచ్చింది. కోపంగా లేదు. కోపంగా ఉంటే బాగుండేది.

“మీరు చూసే ఇచ్చి ఉంటారనుకున్నానండీ. ఏం జరిగింది?”

డాక్టరమ్మ భుజం మీదుగా తమ్ముడు కనిపిస్తున్నాడు. చిన్నప్పుడు పగిలిన గాజుసామాను పక్కన నిలబడి అక్క వైపు చూసిన చూపే. వాడి వెనక ట్యాక్సీ కంపెనీ కార్లు మూడు వరసగా నిలబడి ఉన్నాయి, మేనేజరు మనిషి ఒకడు వాటి దగ్గర చెవులు రిక్కించుకుని ఉన్నాడు.

“నాదే పొరపాటు. చూసుకోకుండా ఇచ్చాను” అంది ఏదక్క.

డాక్టరమ్మ తలూపింది. గేర్‌బాక్స్ తన ఖర్చుతో మార్చి ఇస్తానని తమ్ముడు అన్నాడు, అన్నమాట ప్రకారం మార్చాడు కూడా. కారు తీసుకెళ్ళే రోజున ఆమె కిటికీ వైపు రాలేదు. తర్వాత ఆ కారు మళ్ళీ షెడ్డుకు రాలేదు.

తమ్ముడు తనతో ఏదో ఒకటి మాట్లాడతాడని ఏదక్క ఎదురుచూసింది. పదిరోజులు గడిచాయి. నెల గడిచింది. ఒక సాయంత్రం మేనేజరు వచ్చి, మాటల్లో ఆ గేర్‌బాక్స్ సంగతి అడిగాడు. తమ్ముడు ఏమాత్రం తడుముకోకుండా చెప్పాడు.

“మా అక్కే సార్. ఇన్నేళ్ళ సర్వీసులో ఒక్కసారి. వయసు మీద పడుతోంది కదా, కళ్ళు కూడా పరీక్ష చేయించాలి. సొంతమనిషిని ఏమంటాం? నేనేమీ అనలేదు, కడుపులో పెట్టుకున్నాను. ఇప్పుడు ప్రతి డబ్బాకీ నా సంతకం ఉండాలని రూలు పెట్టాను.”

ఆమె కిటికీ లోపలే ఉంది. వాడు గొంతు తగ్గించలేదు. దాచాల్సిన విషయంలా చెప్పలేదు.

మేనేజరు వెళ్ళాక ఆమె స్టోర్‌కి తాళం వేసి వాడి టేబులు దగ్గరికెళ్ళింది.

“ఒరేయ్, ఆ రోజు ఎర్రదని కేకేసింది నువ్వు.”

“అవును, ఎర్రదన్నాను. రోజూ అందరం అంటాం. చూసి ఇవ్వాల్సింది నువ్వు కదా అక్కా.”

“అడగొద్దని పొద్దున్న నువ్వే చెప్పావు.”

వాడు నిజంగా ఆలోచించాడు. నుదురు ముడిచి, పెన్ను టేబులు మీద తిప్పుతూ. ఆమె వాడి ముఖమంతా వెతికింది. అబద్ధమాడేటప్పుడు వాడి కింది పెదవి ఎలా వంకర పోతుందో ఆమెకు తెలుసు. వంకర పోలేదు.

“నేనా? నేనెందుకంటాను? ఇన్నేళ్ళుగా నువ్వు అడుగుతుంటేనే కదా ఈ షెడ్డు నిలబడింది!” అన్నాడు. తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కుని, జాలిగా, “సరే, చెప్పాననే అనుకుందాం. నీకు అన్నీ తెలుసు కదక్కా. ఆ కారు రెండు రకాలని తెలుసు, ఎర్రది పోస్తే ఏమవుతుందో తెలుసు. తెలిసీ డబ్బాలెందుకిచ్చావు?” అన్నాడు.

వాడు ఆమెను నిలదీయడానికి అడగలేదు. అర్థంకాకే అడిగాడు. ఆమెకు ఆ పన్నెండడుగులు గుర్తొచ్చాయి. గుండెల్లో మంటా, అందులోని సుఖమూ గుర్తొచ్చాయి. వంతెన మధ్యలో ఆగిన కారులో స్టీరింగ్ పట్టుకుని కూర్చున్న మనిషి కూడా కళ్ళముందుకొచ్చింది. తమ్ముణ్ణి కాపాడడానికి అబద్ధం చెప్పానని ఈ నెల రోజులూ లోలోపల గర్వపడుతూ వచ్చింది. అందులో అబద్ధం ఎంతో ఇప్పుడు తెలియడం లేదు.

“పోనీలే, నేనెప్పుడో మర్చిపోయాను. నువ్వూ మర్చిపో” అని తమ్ముడు ఆమె చెయ్యి తట్టాడు. టేబులు మీది ఫోన్ మోగింది. తీసి, “ఆఁ చెప్పండి సార్, మీ బండి రెడీ” అంటూ వాకిట్లోకి నడిచాడు.

స్టోర్ తాళంచెవి ఇంకా ఏదక్క గుప్పిట్లోనే ఉంది. దాన్ని వాడి టేబులు మీద, సంతకాల పుస్తకం పక్కన పెట్టి, పిల్లల హోంవర్కు వేళయిందని ఇంటివైపు నడిచింది.