డాక్టరుగారి బ్రేకుల సంగతి ఇంకా తేలలేదు

వెండెలిన్‌కు ఉన్నది ఒకటే జబ్బు. కారు చక్రాల డిస్కుల్ని అదిమి ఆపే బ్రేక్ ప్యాడ్లు ఎంచడానికి కూర్చుంటే ఒక పట్టాన తేల్చడు. మిగతా విషయాల్లో మనిషి మహా చురుకు. ఇల్లు కొన్నప్పుడు మేడ ఎక్కి కూడా చూడలేదు. పెళ్లి మాట ఎత్తితే కాఫీ చల్లారేలోగా వద్దనేశాడు. కానీ కార్బన్ సెరామిక్ బ్రేకు డిస్కులున్న స్పోర్ట్స్ కారు గ్యారేజీలో అడుగుపెట్టిందా, దాని యజమాని పని అయిపోయినట్టే.

జర్మనీలోని నూర్‌బుర్గ్ రేస్ ట్రాక్‌కు కూతవేటు దూరంలో ఉంది ఆ గ్యారేజీ. పనంతా వెండెలిన్‌ది. ఫోను ఎత్తడం, తిట్లు తినడం వాళ్లక్క గెర్లిండ్‌ది.

"ఒక జత ప్యాడ్లకి ఇన్ని వారాలేంట్రా?" అనేది ఆవిడ.

"ఆ డిస్కుల ఖరీదు పెడితే ఒక కారొస్తుందక్కా. ఇనప డిస్కుల ప్యాడ్లు తగిలిస్తే వాటిని నమిలేస్తాయి. రేసువి వేస్తే వేడెక్కేదాకా పట్టవు, పట్టాక కీచుమంటాయి. మామూలువి వేస్తే ట్రాక్ మీద చేతులెత్తేస్తాయి. సంబంధం కుదర్చడం లాంటిది ఇది."

"ఈలోగా ఊళ్లో నాలుగు సంబంధాలు కుదర్చచ్చు. నీది తప్ప."

ఆ డిస్కుల అరుగుదల బరువులో తెలుస్తుంది. ఒకసారి గ్యారేజీ త్రాసు చెడిపోతే, వెండెలిన్ చడీచప్పుడు లేకుండా వంటింటి త్రాసు పట్టుకుపోయాడు. ఆ ఆదివారం గెర్లిండ్ కేకు కోసం ప్లమ్ పళ్లు తూచబోతే పళ్లెమంతా నల్లటి పొడి. "అది చాలా ఖరీదైన పొడి, పారబొయ్యకు," అన్నాడు మహానుభావుడు. ఆ పూట అతనికి కేకు దక్కలేదు.

ఇక అతని ప్రశ్నలు పోలీసువాళ్లు కూడా వెయ్యరు. బ్రేకు గట్టిగా తొక్కుతారా, మెల్లగా కాలు ఆనిస్తారా? పొద్దున్నే చల్లటి బ్రేకులతో రొట్టెల కొట్టుకి వెళ్తారా? పక్కసీట్లో ఎవరు కూర్చుంటారు, వాళ్లకి కడుపులో తిప్పుతుందా? కొలోన్ నుంచి వచ్చిన ఒకాయన ఈ ధాటికి నీళ్లు నములుతుంటే, భార్య కల్పించుకుంది. "ఈయన బ్రేకు వెయ్యరండీ. ఇటుపక్క కూర్చుని నేనే వేస్తా, ఉత్త నేల మీద."

ఎవరూ నవ్వేలోపే వెండెలిన్ గంభీరంగా తలూపాడు. "అయితే చల్లగా ఉన్నప్పుడే గట్టిగా పట్టేవి ఇస్తానమ్మా. మీ కాలికి కాస్త విశ్రాంతి."

ఇంత చేసేవాడికి కూడా ఓట్మార్ డాక్టరుగారి ప్యాడ్లు మాత్రం కొరుకుడు పడలేదు. ఆయన పళ్ల డాక్టరు, పని మానేసి చాన్నాళ్లయింది. వసంతంలో వెండి రంగు కారుతో వచ్చారు. ఆకులు రాలే కాలం వచ్చినా అదే మాట.

"ఏమయ్యా, తేలిందా?"

"ఇంకా తేలలేదు డాక్టరుగారూ. కీచుమంటాయేమోనని నా అనుమానం."

"జన్మంతా డ్రిల్లు పట్టుకున్నవాణ్ణి, కీచుకి నేను భయపడతానా? వచ్చేవారం పక్క ఊరి గ్యారేజీకి పోతున్నా చూడు."

ప్రతి శనివారం మధ్యాహ్నం ఇదే తంతు. కాఫీ తాగుతారు, కేకు తింటారు, వాదించుకుంటారు. గెర్లిండ్‌కు మాత్రం గుండెల్లో రాయి పడింది. టైర్ల నుంచి ఆయిలు దాకా అన్నీ ఇక్కడే చేయించే మనిషి నిజంగానే పక్క ఊరికి పోతే, చలికాలంలో గ్యారేజీ గడిచేదెలా?

ఒకనాడు సామాన్ల గదిలో ఏదో వెతుకుతుంటే ఆవిడకు డాక్టరుగారి పేరున్న పెట్టె కనబడింది. లోపల ప్యాడ్లు. ఎండాకాలంలోనే వచ్చాయి. ఆవిడకు ఒళ్లు మండిపోయింది.

"ఏంట్రా ఇది? తెచ్చిపెట్టుకుని ఇంకా తేలలేదంటావా?"

వెండెలిన్ చేతులు తుడుచుకున్నాడు, తుడిచినవే మళ్లీ తుడుచుకున్నాడు. "పాతవాటిలో ఇంకా సగం ఉందక్కా, ప్రమాదం లేదు. వాళ్లావిడ పోయాక శనివారాలు ఎక్కడికెళ్లాలో ఆయనకి తెలీట్లేదు. ఇవి బిగించేస్తే ఇక్కడికి రావడానికి ఏ సాకుంటుంది?"

గెర్లిండ్‌కు తమ్ముడి మీద ఒక్కసారిగా ప్రేమ పొంగుకొచ్చింది. అది కనబడకుండా, "పెట్టెకి దుమ్ము పట్టింది, తుడువు," అని వెళ్లిపోయింది.

కానీ ఆ శనివారం డాక్టరుగారు మళ్లీ పక్క ఊరి మాట ఎత్తేసరికి ఆవిడ మనసు ఆగలేదు. వెండెలిన్ పైకెత్తిన కారు కిందికి వెళ్లగానే గొంతు తగ్గించింది. "డాక్టరుగారూ, మీ ప్యాడ్లు..."

"ఎండాకాలంలోనే వచ్చాయి. తెలుసు," అన్నారాయన కేకు నములుతూ. "కంపెనీవాళ్లు నాకూ కబురు పంపారు."

"మరి అడగలేదేమండీ?"

ఆయన కారు వైపోసారి చూసుకుని ముందుకు వంగారు. "పాపం, నేను మానేస్తే ఈ డిస్కుల గొడవంతా కూర్చుని వినేవాళ్లు అతనికి ఎవరున్నారమ్మా? మీరు వింటారా?"

"చచ్చినా వినను," అంది గెర్లిండ్ నిజాయితీగా.

"అదీ సంగతి. అతనితో అనకండి, చిన్నబుచ్చుకుంటాడు."

కారు కిందనుంచి వెండెలిన్ బయటికొచ్చాడు. ముఖంలో కళ లేదు. "డాక్టరుగారూ, మీరన్నది నిజమే. కీచు సమస్య కాదేమో. పక్క ఊరిదాకా మీకెందుకు శ్రమ, ఇక తేల్చేద్దాం."

డాక్టరుగారి చేతిలో ఫోర్కు ఆగిపోయింది. ఇద్దరూ బడి వదిలేశారని తెలిసినా ఇంటికి వెళ్లబుద్ధి కాని పిల్లల్లా ఉండిపోయారు. గెర్లిండ్ ఇద్దర్నీ చూసి, కాఫీ కూజా అందుకుంది.

"మీకు సమస్య కాదు సరే. ట్రాక్‌కి వెళ్తూ వస్తూ ఈ కిటికీ ముందునుంచే కదా పోతారు? కీచుమంటే నాకు తలనొప్పి వస్తుంది. నన్నెవరైనా అడిగారా?"

వెండెలిన్ అక్క వైపు చూశాడు. అతని ముఖం వెలిగిపోయింది.

"అయితే మళ్లీ మొదట్నుంచి చూడాలి," అన్నాడు.

"ఏం మనుషులయ్యా మీరు," అని విసుక్కుంటూ డాక్టరుగారు కుర్చీ దగ్గరికి లాక్కున్నారు.