ఎక్కడికీ వెళ్ళని కారు

ఆ అపార్ట్‌మెంట్లో ఆవిడను అందరూ డైరెక్టరమ్మ అనేవాళ్ళు. ఆవిడ దేనికీ డైరెక్టరు కాదు. సిమెంటు కంపెనీలో ఒక డైరెక్టరుగారి దగ్గర సెక్రటరీగా చేరి, అక్కడే జుట్టు నెరిసి, అక్కడే రిటైరయిన మనిషి. పెళ్ళి చేసుకోలేదు. ఆ పేరు రావడానికి కారణం ఆవిడ కారు. సెల్లారులో చిన్న కార్లూ పిల్లల సైకిళ్ళూ ఉన్నచోట నల్లగా, పొడుగ్గా, పెళ్ళివారి మధ్య పోలీసు ఇన్‌స్పెక్టరులా నిలబడి ఉండేది. పాత డీజిలు కారు. వయసు మళ్ళినా దర్జా తగ్గలేదు. వెనక సీట్లో కాళ్ళు చాపుకునే జాగా, కాగితాలు చదువుకోవడానికి చిన్న దీపం, ఎండ పడకుండా నాలుగు కిటికీలకూ లాగుడు తెరలు. డైరెక్టరమ్మ మాత్రం ముందు, స్టీరింగు వెనకే కూర్చునేది. వెనక కూర్చునేవాళ్ళు ఎవరూ లేరు.

ఆవిడ రిటైరయిన ఏడాదే కంపెనీ పాత కార్లు తీసేసింది. స్టాఫులో కావలసినవాళ్ళు తీసుకోవచ్చన్నారు. కుర్రకారు చిన్న బళ్ళ మీద పడ్డారు. ఈ ఏనుగు జోలికి ఎవరూ పోలేదు. ఈవిడ వెళ్ళి అది నాకు కావాలంది. అప్పటికి ఆవిడకు క్లచ్చు ఏ కాలి కింద ఉంటుందో కూడా తెలియదు.

"గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువుండదమ్మా, ఆలోచించుకో" అన్నాడు అకౌంటెంటు. ఆలోచించుకోలేదు. ఎందుకు కొన్నదో ఎవరికీ చెప్పలేదు కూడా. అది ఒకప్పుడు డైరెక్టరుగారు ఎక్కిన కారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఈవిడ రోజూ సాయంత్రం కింద డ్రైవరుకు ఫోను చేసి, "సార్ దిగుతున్నారు, బండి పెట్టండి" అని చెప్పి, మూడో అంతస్తు కిటికీలోంచి ఆ తలుపు తెరుచుకోవడమూ మూసుకోవడమూ చూసి, తను బస్సులో ఇంటికి పోయేది. ఆ తలుపు ఒక్కసారైనా తన కోసం తెరుచుకోవాలని ఆవిడకు ఉండేది. తెరుచుకుంది. తీరా చూస్తే తెరవడానికి కూడా తనే కావలసి వచ్చింది, అది వేరే సంగతి.

ఆ తరువాతదంతా సేవే. ముందు డ్రైవింగు స్కూల్లో చేరి నలుగురి చేతా నవ్వించుకుంది. తరువాత బండి మర్యాదలు నేర్చుకుంది. పొద్దున తాళం సగం తిప్పి, మీటర్ల మధ్య చుట్ట చుట్టిన తీగలాంటి పసుపు గుర్తు ఆరిపోయేదాకా ఆగాలి. ఆగడం ఆవిడకు కొత్త కాదు, ఉద్యోగమంతా ఒక తలుపు బయట ఆగడమే కదా. డీజిలు ఇంజనులో నూనె పోసిన పూటే నల్లబడుతుందని తెలియక, పాత నూనె పోశావంటూ మెకానిక్‌తో రెండుసార్లు గొడవపడింది. ఫిల్టరులో చేరిన నీళ్ళు తీయించేది, బెల్టు పగుళ్ళు చూపించుకునేది. ఎవరూ కూర్చోని వెనక సీటును వారం వారం తడిగుడ్డతో తుడిచేది. ఇంట్లో రెండు కుర్చీలు ఉండేవి. రెండో దాన్ని అలా తుడిచేది కాదు, దాని మీద బట్టలు పడి ఉండేవి.

ఇంత బండితో ఆవిడ పోయేదెక్కడికంటే కూరగాయల కొట్టుకీ, బ్యాంకుకీ, మందుల షాపుకీ. మూడూ ఒకే రోడ్డులో ఉన్నాయి.

ఒకరోజు మీటర్ల మధ్య నారింజరంగు దీపం వెలిగింది. మెకానిక్ బండి కింద దూరి, బయటికి వచ్చి, చేతులు తుడుచుకుంటూ చెప్పాడు.

"బండికి జబ్బేం లేదు మేడమ్. ఎక్కడికీ వెళ్ళకపోవడమే దీని జబ్బు. పొగలో మసిని పట్టుకునే ఫిల్టర్ ఉంటుంది లోపల. బండి బాగా వేడెక్కితే ఆ మసి తనంతట తనే కాలిపోతుంది. ఇంటికీ కొట్టుకీ తిప్పితే ఏం వేడెక్కుతుంది చెప్పండి? వారానికోసారి హైవే ఎక్కించి గంటసేపు గట్టిగా తోలండి. ఎక్కడా చుట్టాలూ పక్కాలూ లేరా మీకు?"

అతను మామూలుగానే అడిగాడు. డైరెక్టరమ్మకు మాత్రం ఎక్కడో గుచ్చుకుంది. గుచ్చుకున్నప్పుడు ఆవిడ నోట ఆఫీసు గొంతు వచ్చేది. "సార్ మీటింగులో ఉన్నారు", "సార్ ఊళ్ళో లేరు" అని పక్క గదిలో కాఫీ తాగుతున్న మనిషి గురించి ఏళ్ళ తరబడి తడుముకోకుండా చెప్పిన గొంతు అది.

"ఎందుకు లేరు? గంట దూరంలో మా చెల్లెలు ఉంది. ఆదివారం ఆదివారం రమ్మని ఒకటే పోరు. వెళ్తాలెండి" అంది.

చెల్లెలు ఉన్న మాట నిజమే. పోరే అబద్ధం. అక్కాచెల్లెళ్ళకు తగువేం లేదు. తగువైనా ఉంటే బాగుండేది, ఎవరో ఒకరు రాజీ చేసేవాళ్ళు. పెద్దపిల్ల పుట్టినప్పుడు చెల్లెలు రమ్మంది, సార్ టూరులో ఉన్నారు. ఇల్లు కట్టుకున్నప్పుడు రమ్మంది, ఆడిటర్లు వచ్చారు. మొగుడికి ఆపరేషనయినప్పుడు రమ్మంది, అప్పుడూ ఏదో మీటింగు. "ఈసారికి తీరిక లేదే" అని ఈవిడ అంటే, "సరేలే అక్కా" అని ఆమె ఫోను పెట్టేసేది. పిలిచి పిలిచి మానేసింది. ఇప్పుడు ఈవిడకు బోలెడు తీరిక ఉంది, పిలుపు లేదు. పిలిచినప్పుడు వెళ్ళనిది పిలవనప్పుడు ఏ మొహం పెట్టుకుని వెళ్తుంది?

అయినా బండికి మసి కాలాలి. కాబట్టి ఆదివారం ఇస్త్రీ బట్టలు కట్టుకుని బయలుదేరేది. హైవే ఎక్కాక ఆ ముసలి ఇంజను గొణుగుడు మానేసి, నిద్రపోతున్న మనిషి ఊపిరిలా నిదానంగా సాగేది. గంట తరువాత చెల్లెలి ఊరి పేరున్న బోర్డు కనిపించేది, బాణం గుర్తు ఎడమవైపు చూపించేది. దానికి కాస్త ముందు డీజిలు బంకు. అక్కడ ఆగి, యంత్రంలోంచి కాఫీ పట్టుకుని, నిలబడి తాగేది. చుట్టూ ప్రయాణాల మీద ఉన్న సంసారాలు, పిల్లలకు మూతులు తుడిచే తల్లులు. ఆవిడకు ఏడుపు వచ్చేది. ఎందుకని అడిగేవాళ్ళెవరూ లేరు గనక తీరిగ్గానే ఏడ్చేది. ఏడ్చి, మొహం కడుక్కుని, వంతెన కిందినుంచి బండి వెనక్కి తిప్పేది.

ఆ బంకు పక్కనే ఒకాయన నిమ్మకాయలు అమ్మేవాడు. ఒకసారి సంచీ నిండా కొని, అపార్ట్‌మెంట్లో పంచింది. "మా చెల్లెలి పెరట్లో కాశాయి" అంది. అంతే, అబద్ధానికి వేళ్ళు దిగాయి. వాచ్‌మన్ భార్య అయితే నిమ్మకాయలు అయిపోగానే, "ఈ ఆదివారం మీ చెల్లెలు ఏం పంపుతుందమ్మా?" అని ముందే అడిగేది.

ఇలా ఏడాది గడిచాక ఒకనాడు మెకానిక్ ఫోను చేశాడు.

"మేడమ్, మీరు ఆదివారం మీ చెల్లెలుగారి ఊరు వెళ్తారు కదా. మా అక్కను ఇచ్చింది ఆ ఊరే. మా అమ్మ కూతుర్ని చూడాలని గోల చేస్తోంది, బస్సెక్కితే కళ్ళు తిరుగుతాయంటుంది. పొద్దున దింపి, సాయంత్రం వచ్చేటప్పుడు ఎక్కించుకుంటారా?"

ఈ వారం వెళ్ళడం లేదు అంటే సరిపోయేది. అన్నేళ్ళు అలాంటి మాటలు చెప్పిన నోరు ఆ పూట పెగల్లేదు. ఆ బండిలో రెండో మనిషి కూర్చుంటుందన్న ఆశ అంత పని చేసింది. "దానికేం, పంపండి" అనేసింది. అనేశాక తట్టింది. ఇక మలుపు దగ్గర వెనక్కి తిరగడానికి లేదు.

ఆదివారం మెకానిక్ తల్లిని తీసుకొచ్చాడు. క్రితం వారం డైరెక్టరమ్మ జ్వరంతో పడుకోవడం వల్ల నారింజ దీపం మళ్ళీ వెలిగింది. అతను దాన్ని చూసి తల గీరుకున్నాడు.

"ఇవాళ దారిలో కాలిపోతుంది లెండి. ఫ్యాను గట్టిగా తిరుగుతూ, కాలిన వాసన వస్తుంటే మాత్రం ఇంజను ఆపకండి. పని పూర్తయ్యేదాకా అలా ఆన్‌లోనే ఉంచండి. ఇప్పటికే బాగా నిండిపోయింది, మధ్యలో ఆపారంటే మొండికేస్తుంది."

డైరెక్టరమ్మ వెనక తలుపు తెరిచి పట్టుకుంది. ముసలమ్మ లోపలికి తొంగి చూసి, "అంత దూరాన కూర్చుంటే నీతో మాట్లాడేదెట్లా తల్లీ?" అని ముందు సీట్లోకి ఎక్కేసింది. ఎక్కిన దగ్గర్నుంచీ రెండే మాటలు. ఒకటి, "మెల్లగా పోనీ తల్లీ." రెండు, చెల్లెలి గురించి ప్రశ్నలు.

"మీ చెల్లెలికి పిల్లలెంతమంది?"

"ఇద్దరు."

"చిన్నవాడేం చేస్తున్నాడు?"

డైరెక్టరమ్మ తడుముకుంది. చిన్నది ఆడపిల్లో మగపిల్లాడో కూడా ఆవిడకు గట్టిగా గుర్తులేదు. "చదువుతున్నాడు" అంది.

"సొంత చెల్లెలి బిడ్డ గురించి చెప్పడానికి అంత ఆలోచించాలా?" అంది ముసలమ్మ. ఆమె మనసులో ఏమీ లేదు. డైరెక్టరమ్మ చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

మెల్లగా పోవడం వల్ల బండి వేడెక్కనే లేదు. ముసలమ్మను కూతురింటి దగ్గర దింపి ఒంటరిగా కాస్త జోరుగా పోనిచ్చాక, అప్పుడు మొదలైంది ఫ్యాను. ఊరిబయట ఏదో నీడ చూసుకుని సాయంత్రందాకా కూర్చోవాలని ఆవిడ అనుకుంది. ఎక్కడ నిలబెట్టినా ఆ రొదకు జనం తిరిగి చూస్తున్నారు, ఇంజను ఆపడానికి లేదు. సందులు పట్టుకుని తిరుగుతూ తిరుగుతూ నీళ్ళ ట్యాంకు దగ్గర తేలింది. ట్యాంకు దాటాక రెండో సందు, పచ్చ గేటు. ఇల్లు కట్టుకున్నప్పుడు చెల్లెలు ఫోనులో చెప్పిన గుర్తులు. బండి అటు తిరిగింది. బండి తిరిగిందని అనడం మన మర్యాద, తిప్పింది ఆవిడే.

గేటుకు ఎదురుగా ఆపి, తెరలు లాగి కూర్చుంది. ఆ ఇంటికి పెరడే లేదు. గేటుకీ గడపకీ మధ్య జానెడు సిమెంటు, దాని మీద ఒక బకెట్టు. ఒక్కసారి చూసి పోదామనుకుంది. ఇంజను హోరు పెడుతోంది, కాలిన వాసన వస్తోంది. కాసేపటికి గేటు తెరుచుకుని ఒకామె విసవిసా వచ్చి అద్దం మీద కొట్టింది.

"ఎవరండీ బండిలో? ఎంతసేపు ఈ రొద? రాత్రి డ్యూటీ చేసి వచ్చిన మనిషి లోపల పడుకున్నాడు. ముందు ఇంజను ఆపండి!"

డైరెక్టరమ్మ తెర తీసి, అద్దం దించింది. ఎదురుగా ఉన్న మనిషి జుట్టు సగానికి పైగా తెల్లబడింది. ఎవరో ముసలావిడ అనుకోబోయింది. ఇద్దరూ ఒకరినొకరు పోల్చుకోవడానికి కాస్త సమయం పట్టింది.

"అక్కా?"

"నేనేనే."

చెల్లెలు కారుకేసి చూసింది, అక్క ఇస్త్రీ బట్టలకేసి చూసింది. "ఇంజను ఆపు" అంది మళ్ళీ.

"ఆపకూడదట. లోపల మసి కాలుతోంది, మధ్యలో ఆపితే..."

"సరేలే అక్కా." చెల్లెలి మొహం మూసుకుపోయింది. "ఇంజను ఆపేంత తీరిక కూడా లేదన్నమాట. ఎటో పనిమీద పోతున్నట్టున్నావు. వెళ్ళు మరి."

ఆమె గేటువైపు తిరిగింది. డైరెక్టరమ్మ నోటిదాకా చాలా వచ్చాయి. ఫిల్టరూ మసీ మెకానిక్ మాటా, అన్నీ నిజాలే. ఆడిటర్లు వచ్చిందీ నిజమే, సార్ టూరులో ఉన్నదీ నిజమే. ఆవిడ తాళం తిప్పి ఇంజను ఆపేసింది. సందంతా ఒక్కసారి నిశ్శబ్దమైపోయింది. తలుపు తీసుకుని దిగింది.

"పనీ లేదు, పాడూ లేదు. నాకు పోవడానికి ఎక్కడా చోటు లేదే" అంది. "పిలవకుండా ఎలా రావాలని ఏడాదిగా ప్రతి ఆదివారం మీ ఊరి మలుపు దాకా వచ్చి వెనక్కి పోతున్నాను. ఒక్కదాన్నే ఉండలేకపోతున్నాను."

చెల్లెలు గేటు దగ్గర ఆగి వెనక్కి తిరిగింది.

"మలుపు దాకా వచ్చి?"

"ఊఁ."

"ప్రతి వారం?"

"ఊఁ."

"నీకు చిన్నప్పటినుంచీ అంతే, బుద్ధి లేదు" అంది చెల్లెలు. కౌగలించుకోలేదు, కన్నీళ్ళూ పెట్టుకోలేదు. "చెప్పులు అక్కడ విప్పు. చప్పుడు చెయ్యకు, మీ మరిది లేస్తాడు."

ఆ మధ్యాహ్నం గొప్పగా ఏమీ గడవలేదు. అన్నం పెట్టింది. మాటలు ఆగి ఆగి నడిచాయి. చిన్నది ఆడపిల్ల అనీ, ఉద్యోగంలో కూడా చేరిందనీ తెలిసి డైరెక్టరమ్మ తలవంచుకుని విన్నది. మరిది లేచి, పలకరించి, వంటింట్లోకి వెళ్ళి, "ఎన్నాళ్ళుంటుందట?" అని మెల్లగా అడిగాడు. "నేనడగలేదు" అంది చెల్లెలు. వంటింటి గోడ పలచన, రెండు మాటలూ ఇవతలికి వినిపించాయి.

సాయంత్రం తాళం తిప్పితే బండి లేచింది గానీ, సందు చివరిదాకా కూడా వేగం అందుకోలేదు. మీటర్ల మధ్య ఉన్న దీపాలన్నీ వెలిగాయి. చెల్లెలూ మరిదీ తోస్తే వెనక్కి తెచ్చి గేటు ముందే పెట్టి, మెకానిక్‌కు ఫోను చేసింది. అతను అంతా విని నెత్తి కొట్టుకున్నంత పని చేశాడు.

"రేపు పొద్దున నేనే వస్తాను, అమ్మను అక్కింట్లోనే ఉండమంటాను. మీరు ఈ రాత్రికి మీ చెల్లెలుగారింట్లో ఉండిపోండి. అయినా అంత చెప్పాను కదా మేడమ్, మధ్యలో ఎందుకాపారు?"

చెల్లెలు ముందుగదిలో మంచం మీద ఉన్న బట్టల కుప్ప తీసి, దుప్పటి పరుస్తోంది.

"మా చెల్లెలు ఆపమంది" అంది డైరెక్టరమ్మ.