బావగారి చెక్క కెమెరా

మా బావగారు, అంటే అక్కయ్య భర్త, బెజవాడ గవర్నర్‌పేటలో ఫొటో స్టూడియో నడిపేవారు. మాది మగ్గాల ఇల్లు. నాన్న పోయాక నూలు దొరకడమే కష్టమై, నేను మగ్గం వదిలేసి అక్కయ్య దగ్గరికి వచ్చేశాను. పటమటలో వాళ్ల పెంకుటింట్లోనే ఉంటూ, రోజూ బావగారితో కలిసి స్టూడియోకి వెళ్లేవాణ్ణి. కొన్నేళ్లకు ఫొటో తీసిన గాజు ప్లేట్లు కడగడం, ప్రింట్లు వేయడం, మొహాల మీద మచ్చలను పెన్సిలుతో దిద్దడం నాకు బాగానే అలవడ్డాయి. కెమెరాను మాత్రం ఆయనొక్కరే ముట్టుకునేవారు. తుడవడానికి కూడా నా చేతికి ఇచ్చేవారు కాదు.

అది పెద్ద చెక్క కెమెరా. మూడు కాళ్ల స్టాండు మీద నిలబెడితే మనిషి గుండెల ఎత్తుకి వచ్చేది. ముందు ఇత్తడి గొట్టంలో లెన్సు, వెనక గరుకు అద్దం, రెంటికీ మధ్య హార్మోనియం తిత్తిలా మడతలు పడిన తోలు. నల్లగుడ్డ కప్పుకుని ఆ గరుకు అద్దంలోకి చూస్తే ఎదుటి మనుషులు తలకిందులుగా కనబడేవారు. లెన్సు జర్మనీది. యుద్ధం మొదలయ్యాక అలాంటిది ఎక్కడా దొరకడం లేదని బావగారు వచ్చినవాళ్లందరికీ చెప్పేవారు. చెప్పేటప్పుడు ఆయన మొహంలో కాస్త సంతోషం ఉండేది.

ఆ యుద్ధపు రోజుల్లోనే ఒక వేసవిలో చల్లపల్లి దగ్గర ఒక ఊళ్లో పెళ్లికి పిలిచారు. పెట్రోలు దొరక్క బొగ్గు పొయ్యి కట్టిన బస్సులో చల్లపల్లి దాకా వెళ్లి, అక్కణ్ణుంచి కెమెరా పెట్టెను ఎడ్లబండిలో పెట్టుకుని పోయాం. దారి పొడుగునా ఆయన ఆ పెట్టె మీద చెయ్యి వేసుకునే కూర్చున్నారు. పెళ్లివారు మర్యాదస్తులు. మగపెళ్లివాళ్లనూ ఆడపెళ్లివాళ్లనూ వాకిట్లో వరసగా కూర్చోబెట్టాం. తీరా అంతా సర్దుకునేసరికి ఎండ జరిగి పెళ్లికొడుకు మొహం మీద పడింది. అందర్నీ అరుగు వైపు తిప్పి తీద్దామని బావగారు కెమెరాను స్టాండుతో సహా ఎత్తి అరుగు మీదికి మార్చబోయారు.

"నేనూ పట్టుకుంటా బావగారూ," అన్నాను.

"నువ్వు పక్కకి జరుగు."

రెండో మెట్టు మీద ఆయన కుడిచెయ్యి జారిపోయింది. జారడం అనకూడదేమో. ఆ చెయ్యి పట్టు వదిలేసింది. కెమెరా ముందుకు ఒరిగి, లెన్సు వైపుగా రాతిమెట్టు మీద పడింది. చిన్న చప్పుడే. కానీ వాకిట్లో కూర్చున్నవాళ్లంతా ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. ఒక పెద్దావిడ, "శుభమా అని పెళ్లి జరుగుతుంటే ఇదేంటమ్మా," అని నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది.

బావగారు వంగి కెమెరా లేవనెత్తారు. లెన్సుకు అడ్డంగా పగులు. తోలు తిత్తి ఒక మూల చిరిగి, చెక్క చట్రం జాయింటు దగ్గర విడిపోయింది. ఆయన దాన్ని చూసి, "మెట్టు మీద నీళ్లున్నాయి," అన్నారు, ఎవరూ అడక్కుండానే.

మెట్టు పొడిగా ఉంది. నేను చూశాను. ఆడపెళ్లివారాయన కూడా చూశాడు. అయినా ఆయన, "అవునండీ, ఎవరో పిల్లలు ఒలకబోశారు," అని సర్దేశాడు. ఫొటో లేకుండానే మాకు భోజనం పెట్టి పంపించారు.

బాగుచేసేవాళ్లు బెజవాడలో లేరు. చేతి గడియారాలు బాగుచేసే ఆయనకు చూపిస్తే తల అడ్డంగా ఊపాడు. అందుకని కెమెరాను మళ్లీ పెట్టెలో పెట్టుకుని ఇద్దరం మద్రాసు మెయిలెక్కాం.

మద్రాసులో మేం వెళ్లిన కొట్టు ఒక తెలుగాయనదే. తెల్లగడ్డం, ముక్కు చివర కళ్లజోడు. కెమెరాను బల్ల మీద పెట్టి ఒక్కొక్క మరా విప్పి చాలాసేపు చూశాడు.

"చెక్క అతుకుతుందండీ. తిత్తి కొత్తది కుట్టిస్తాను. లెన్సు మాత్రం పోయినట్టే. దీనికి జత ఇప్పుడు మీకు ఎక్కడా దొరకదు. నా దగ్గర వేరే లెన్సు ఉంది, అది బిగించి ఇస్తాను. మొహాలు మునుపటంత తేటగా రావు. చెయ్యమంటే చేస్తాను."

"మరి వేరే దారి?" అని నేను అడిగాను.

ఆయన లోపలికెళ్లి చిన్న కెమెరా ఒకటి తెచ్చాడు. ఎవరో దొర పట్టాళంలోకి పోతూ అమ్మేశాడట. కొత్తదేం కాదు గానీ, మాకది కొత్తదే. తేలిగ్గా ఉంది. లెన్సు మూత తీసి పెట్టే పని లేదు, రబ్బరు బుడ్డి నొక్కితే చాలు. పాతది బాగుచేయించినా, ఇది కొన్నా ఖర్చు ఇంచుమించు ఒకటేనన్నాడు.

"మీరే చూడండి," అని దాన్ని బావగారి ముందు స్టాండు మీద నిలబెట్టాడు.

బావగారు నల్లగుడ్డ కప్పుకున్నారు. అద్దంలో బొమ్మ తేటగా కనపడాలంటే కుడిపక్కనున్న చిన్న మరను మెల్లగా తిప్పాలి. ఇరవై ఏళ్లుగా ఆయన చేస్తున్న పనే. నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఆయన కుడిచెయ్యి మర దగ్గరికి పోయి, దాన్ని పట్టుకోలేక చెక్క మీద అటూ ఇటూ తడుముకుంది. కాసేపటికి ఎడమచెయ్యి కెమెరా ముందు నుంచి చుట్టి వచ్చి మరను పట్టుకుంది. నల్లగుడ్డ సన్నగా వణుకుతూనే ఉంది. లోపల ఉన్నారు కాబట్టి తనను ఎవరూ చూడటం లేదనుకున్నారు.

గుడ్డ తీసి బయటికి వచ్చారు. నుదుటి మీద చెమట.

"ఇది ఆటబొమ్మలా ఉంది. పాతదే బాగుచెయ్యండి," అన్నారు.

కొట్టాయన నా వైపు చూశాడు. ఆ చెయ్యిని ఆయనా చూశాడని నాకర్థమైంది. "తొందరేముందండీ," అన్నాడు నెమ్మదిగా. "పాతది ఇక్కడే ఉంచండి. ఇంటికెళ్లి బాగా ఆలోచించుకుని కబురు చెయ్యండి."

తిరుగు రైల్లో బావగారు కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. గూడూరులో నేను కాఫీ తెచ్చిస్తే ఎడమచేత్తో అందుకున్నారు. ఆ చెయ్యినీ ఈ చెయ్యినీ ఇద్దరం చూశాం.

ఇంటికొచ్చిన మర్నాడు, ఆయన మంగలి దగ్గరికి వెళ్లినప్పుడు, అక్కయ్య పెరట్లో గిన్నెలు తోముతోంది. మద్రాసులో జరిగిందంతా చెప్పాను. చెయ్యి సంగతి ఎలా ఎత్తాలా అని నేను నీళ్లు నములుతుంటే, తనే అందుకుంది.

"నాకు తెలుసురా. సంక్రాంతి ముందర్నుంచీ అన్నం నేనే కలిపి పెడుతున్నాను. చొక్కా గుండీలూ నేనే పెడుతున్నాను. తొందరగా తెములుతుందిలే అనే వంకతో."

"డాక్టరుకి చూపించలేదా?"

"నరాల నీరసమన్నాడు. టానిక్కిచ్చాడు. పక్షవాతంలా ఇంకోసారి గట్టిగా వచ్చిద్దేమోనని కూడా అన్నాడు. ఆ మాట నాతోనే అన్నాడు, ఆయనతో అనలేదు."

గిన్నె పక్కన పెట్టి, చేతికంటిన బూడిద కడుక్కుంది. ఆ తర్వాత అంది:

"పాతది బాగుచేయించి తెచ్చావనుకో. రేపు మళ్లీ ఆయనే ఎత్తుతాడు. నిన్ను ముట్టుకోనివ్వడు. మళ్లీ నలుగురిలో పడుద్ది. ప్రతిసారీ మెట్టు మీద నీళ్లున్నాయనే మనిషి దొరకడుగా."

"ఆయన పాతదే కావాలంటున్నారక్కా. ఆయన వస్తువు."

"ఆయన వస్తువే. అందుకే చెప్తున్నా. కొత్తదైతే అలవాటు లేదని చెప్పుకోవచ్చు. చెయ్యి పనిచెయ్యట్లేదని చెప్పుకోవాల్సిన పనుండదు."

ఆ పూట భోజనాల దగ్గర ఆమే చెప్పేసింది. "ఏవండీ, ఆ మద్రాసు కెమెరానే తెమ్మని తమ్ముడికి చెప్పాను."

బావగారు తలెత్తలేదు. "నన్నడక్కుండానే?"

"అడిగితే వద్దంటారుగా."

ఆయన కోప్పడతారని ఎదురుచూశాను. కోప్పడితే బాగుండుననిపించింది. విస్తట్లో కలిపి ఉన్న అన్నం వైపు, ఆమె గట్టిగా అదిమి చేసి పెట్టిన ముద్దల వైపు చూస్తూ కూర్చున్నారు. చివరికి, "తెమ్మను," అన్నారు. ఆ పూట ఆయన సగంలోనే లేచిపోయారు.

నేనొక్కణ్ణే మద్రాసు వెళ్లి చిన్న కెమెరా తెచ్చాను. పాతది కొట్టాయనే ఉంచుకున్నాడు, ఇత్తడి సామాను, చెక్క దేనికైనా పనికొస్తాయని. ఆ సంగతి చెబితే బావగారు "ఊఁ" అన్నారు. దాని గురించి మళ్లీ ఎన్నడూ అడగలేదు.

కొత్త కెమెరా ముందు మొదట కూర్చున్నది గవర్నర్‌పేటలోనే ఉండే ఒక క్రైస్తవుల కుటుంబం. ఆయన బడిపంతులు, భార్య చంకలో పసిబిడ్డ, ఆ రోజే చర్చిలో బాప్తిస్మం ఇప్పించి నేరుగా వచ్చారు. పంతులుగారు నన్ను కెమెరా దగ్గర చూసి వెనక్కి తగ్గారు.

"మా పెళ్లి ఫొటో మీరే తీశారు కదండీ. ఇదీ మీ చేత్తోనే తియ్యాలండీ," అన్నారు బావగారితో.

బావగారు నవ్వారు. "ఇది కొత్త రకమండీ. నాకు చేతకాదు. మావాడు నేర్చుకున్నాడు, వాడైతే బాగా తీస్తాడు."

ఆ కెమెరాలో ఆయనకు తెలియనిది ఏదీ లేదు. రబ్బరు బుడ్డి ఎంతసేపు నొక్కాలో ముందు రోజు నాకు చెప్పిందే ఆయన. ఆయన వాళ్ల దగ్గరికెళ్లి, కుడిచెయ్యి కోటు జేబులో పెట్టుకుని, ఎడమచేత్తో పంతులుగారి గడ్డం పట్టి కాస్త పక్కకు తిప్పారు. బిడ్డ మొహం మీది గుడ్డ తొలగించారు. తర్వాత కెమెరా దాకా వచ్చి, అలవాటుగా నల్లగుడ్డ చివర పట్టుకున్నారు. పట్టుకుని వదిలేసి, గోడ వారగా వెళ్లి నిలబడ్డారు. నేను ఫొటో తీశాను. అది నా మొదటి ఫొటో. బాగానే వచ్చింది. నాకు మాత్రం ఏ సంతోషమూ కలగలేదు.

ఆ తర్వాత కొన్నాళ్లు ఆయన స్టూడియోకి వస్తూనే ఉన్నారు. వచ్చినవాళ్లను కూర్చోబెట్టడం, పైట సర్దుకోమని ఆడవాళ్లకు చెప్పడం, పిల్లల్ని నవ్వించడం. చలికాలంలో డాక్టరు భయపడినట్టే మళ్లీ వచ్చింది. ఈసారి కుడికాలు కూడా పడిపోయింది, మాట ముద్దగా అయింది. పటమట ఇంట్లో కిటికీ పక్కన మంచం వేశాం.

నేను సాయంత్రం స్టూడియో మూసి వచ్చేటప్పుడు ఆ రోజు ప్రింట్లు తెచ్చి ఆయనకు చూపించేవాణ్ణి. అక్కయ్య ఆయన వెనక తలగడ ఎత్తుగా పెట్టేది. ఆయన ఒక్కొక్కటీ ఎడమచేత్తో వెలుగుకు పట్టి చూసేవారు. "మెడ బిగిసిపోయింది, ఊపిరి పీల్చుకోమని చెప్పలా?" అనేవారు. "నీడ మరీ చిక్కగా పడింది." "ఆ ముసలాయన్ని నిలబెట్టకూడదు, కూర్చోబెట్టాలి." మాటలు సరిగా తెలిసేవి కావు. అక్కయ్య విని నాకు మళ్లీ చెప్పేది. ఎప్పుడూ ఏదో ఒక లోపం కనపడేది ఆయనకు. నాకు కోపం వచ్చేది కాదు. తప్పు పట్టినంతసేపూ ఆయన పక్కన నిలబడి పని నేర్చుకుంటున్నట్టే ఉండేది.

వానలు మొదలైన రోజుల్లో ఒక సాయంత్రం, ఇద్దరు అన్నదమ్ముల ఫొటో ఇచ్చాను. నాకే తెలుసు, అది బాగా రాలేదు. ఒకడు కదిలాడు, చెవి దగ్గర చెరిగినట్టయింది. ఆయన దాన్ని కాసేపు పట్టుకుని, నా చేతికి తిరిగిచ్చారు.

"బాగుంది," అన్నారు.

అక్కయ్య మళ్లీ చెప్పాల్సిన అవసరం రాలేదు. మాట స్పష్టంగానే వినపడింది. ఆమె నా మొహం చూసింది, నేను ఆమె మొహం చూశాను. మర్నాడు మంచి ఫొటోలు తీసుకెళ్లాను. వాటినీ బాగుందనే అన్నారు. ఆ తర్వాత ఏది చూపించినా అదే మాట. ఒకరోజు చూడకుండానే అన్నారు. అప్పణ్ణుంచి ప్రింట్లు ఇంటికి తేవడం మానేశాను.

ఆ వానాకాలం వెళ్లకముందే ఆయన పోయారు. కర్మకాండలయ్యాక కూడా నేను స్టూడియో వైపు పోకుండా ఇంట్లోనే కూర్చుంటే, ఒక పొద్దున అక్కయ్య క్యారేజీ కట్టి నా ముందు పెట్టింది. ఏడ్చి ఏడ్చి ఆమె గొంతు బొంగురుపోయి ఉంది.

"లేరా. వెళ్లి తలుపులు తియ్యి," అంది.

వెళ్లి తీశాను.