కిష్టమ్మ ఇచ్చిన పీపీ నంబరు

కిష్టమ్మ ఆమె అసలు పేరు కాదు. పేరు మారుస్తానంటేనే ఈ సంగతులు రాయడానికి ఒప్పుకుంది.

మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరిచిన మరుసటి ఏడాది, ఆ వెనుక వీధిలో బాలాత్రిపురసుందరి గారు నడిపే హాస్టల్లో ఆమె వంటమనిషి. భర్త రాళ్ల క్వారీలో పోయాక ఆ వంటిల్లే ఆమెకు ఆధారం. హాస్టల్లో ఉన్నవాళ్లంతా కోస్తా నుంచి వచ్చిన కంప్యూటర్ ఉద్యోగులు. పులుసులో బెల్లం వేయడం ఆమెకు మొదట వింతగా ఉండేది; ఆరు నెలలకే ఇంటి పులుసు తిన్నట్టుందని వాళ్లు అనసాగారు.

ఆ వేసవిలో ఆమె మెడ పక్కన గడ్డ లేచింది. దవాఖానలో పరీక్ష రాసిస్తే, కొత్తగా పెట్టిన ఒక ప్రైవేటు పరీక్షా కేంద్రానికి వెళ్లింది. గుమాస్తా ఫోను నంబరు అడిగాడు. ఫోను లేనివాళ్లందరూ అప్పట్లో చేసే పనే ఆమె చేసింది: వీధి చివర తిమ్మప్ప ఎస్టీడీ బూతు నంబరు చెప్పింది. గుమాస్తా దాని పక్కన 'పీపీ' అని రాసుకున్నాడు. ఆ రెండక్షరాలకు అర్థం ఒక్కటే: ఈ నంబరుకు చేసి ఫలానా మనిషిని పిలవమని అడగాలి. పిలవమని మాత్రమే.

ఆదివారం ఉదయం పరీక్షా కేంద్రం నుంచి ఆ బూతుకు ఫోను వచ్చింది. ఇళ్లకు మాట్లాడటానికి హాస్టల్ కుర్రాళ్లు ఏడెనిమిది మంది బూతు ముందు వరుసలో ఉన్నారు. కిష్టమ్మ వంటలో ఉందని, సంగతేమిటో చెబితే తానే రాసి పంపుతానని తిమ్మప్ప అన్నాడు. కర్నూలు వైపు మనిషి, ఉపకారి. విన్న ప్రతి మాటనూ గట్టిగా తిరిగి పలికి సరిచూసుకోవడం ఆయన పద్ధతి. ఆ శ్రద్ధ వల్లనే వీధిలో అందరి కబుర్లూ తప్పు లేకుండా చేరేవి. ఆ రోజూ తప్పు లేదు.

"గడ్డ... ఏమి, టీబీనేనా? సరే. తొమ్మిది నెలలు మందులు మింగల్ల. రాసుకుంటి."

సిగరెట్ పెట్టె అట్ట మీద రాసిన చీటీ వంటింటికి వచ్చింది. చదువు రాని కిష్టమ్మ దాన్ని ఎదురుపడిన కుర్రాడికి చదవమని ఇవ్వబోయింది. అతను అందుకోలేదు, బూతు దగ్గర విన్నదే దూరం నుంచి చెప్పాడు. ఆ మధ్యాహ్నం భోజనానికి ఒక్కరూ కూర్చోలేదు. గుండిగలో అన్నం గుండిగలోనే ఉండిపోయింది.

డాక్టరు ఊపిరితిత్తుల ఫోటో తీయించి, వాటిలో ఏమీ లేదని చూసి, ఆమె గడ్డలోని క్షయ ఇతరులకు అంటేది కాదని కాగితం మీద రాసి ఇచ్చాడు. కిష్టమ్మ దాన్ని కొంగున ముడివేసి తెచ్చి సుందరి గారి చేతికి ఇచ్చింది. ఆవిడ నిలబడే రెండుసార్లు చదివారు.

"నువ్వు అబద్ధం చెబుతున్నావని నేననట్లేదు కిష్టమ్మా. కానీ తినాల్సింది వాళ్లు కదమ్మా. వేరే హాస్టల్ చూసుకుంటామంటున్నారు."

"తొమ్మిది నెలలైనంక మల్ల వస్తనమ్మా?"

సుందరి గారు కాగితం మడిచి తిరిగి ఇచ్చేశారు.

అదే వీధిలో ఉండే నేను, సంగతి తెలిసి, కిష్టమ్మను వెంటబెట్టుకుని పరీక్షా కేంద్రానికి వెళ్లాను. నంబరు ఇచ్చింది ఆమే కదా అన్నాడు గుమాస్తా. దాచవలసిన సంగతైతే బూతు నంబరు ఎందుకిచ్చిందని ఎదురడిగాడు. అతని గొంతులో ద్వేషం లేదు. తన పనిలో తప్పు ఉండవచ్చునన్న అనుమానమూ లేదు. మనిషిని పిలవడానికి ఇచ్చిన అనుమతి, ఆమె రోగాన్ని చాటడానికి ఇచ్చిన అనుమతి కాదు. ఈ భేదం తెలియడానికి చట్టం చదవనక్కరలేదు. ఫోను ఉన్నవాడి రోగం అతని చెవికే చేరుతుంది. లేనివాడి రోగం ముందు వీధికి తెలుస్తుంది.

వినియోగదారుల ఫోరానికి ఫిర్యాదు రాసి, వేలిముద్ర కోసం ఆమె గదికి తీసుకెళ్లాను. గడప మీద కూర్చుని మాత్రలు మింగుతోంది.

"ఇండ్ల నా బీమారి పేరు రాసినవా?"

రాయక తప్పదన్నాను.

"గిది సదివేటప్పుడు ఎందరుంటరు?"

ఆ రోజు వాయిదాలున్నవాళ్లందరూ ఉంటారన్నాను.

"ఒక్కసారి సదివితెనే పని పాయె. మల్లొక్కసారి ఎందుకు బిడ్డా? తిమ్మప్పనే నయం, దరఖాస్తు లేకుంటనే సదివిండు."

నవ్వడానికి కూడా ఆమెకు ఓపిక లేదు. ఫిర్యాదు నా సంచిలోనే మిగిలింది. కోపం నాది, నష్టం ఆమెది. వేలిముద్ర నష్టపోయినవాళ్లే వేయాలి.

ఆ తొమ్మిది నెలలూ గచ్చిబౌలిలో లేస్తున్న అపార్ట్‌మెంట్ల దగ్గర ఇటుకలు మోసింది. ఇటుకలు మోసేవాళ్ల ఆరోగ్యం గురించి అక్కడ ఎవరూ అడగలేదు. ఒక్క రోజూ మందు మానలేదు. గడ్డ కరిగింది. చివరి పరీక్షకు నేనూ వెంట వెళ్లాను. ఈసారి వేరే కేంద్రం, అదే ప్రశ్న.

"ఫోను లేదు సారు," అంది.

పీపీ అయినా ఇవ్వమన్నారు.

"పీపీ గూడ లేదు. నేనే వస్త."

ఫలితం ఎప్పుడు వస్తుందో చెప్పలేమన్నారు. మూడు రోజులు పని మానుకుని, గచ్చిబౌలి నుంచి నడిచి వచ్చి, బెంచీ మీద కూర్చుంది. మూడో రోజు కాగితం చేతికందింది. నన్ను బయటికి తీసుకెళ్లి, గోడ వారగా నిలబెట్టి, మెల్లగా చదవమంది. రోగం పూర్తిగా పోయిందని చదివాను. సుందరి గారికి చూపిద్దాం పదమన్నాను.

కిష్టమ్మ కాగితం తీసుకుని కొంగున ముడివేసుకుంది.

"మొదటి కాయితం గూడ సదివింది గద బిడ్డా ఆమె," అంది.